యంత్రాన్ని పేరడిగిన ఆపా

ఎనభైలలో ఆదోనిలో నేను గుమాస్తాగా ఉన్న పత్తి కొట్లో ఒక టెలెక్స్ యంత్రం ఉండేది. ఇక్కడ టైపు కొడితే ఎక్కడో దూరాన మిల్లులో కాగితం మీద అచ్చు పడేది. దాన్ని నడిపే ఆవిడ రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. చిన్నాపెద్దా అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. మా సావుకారికి నోరు పెద్దది, ఓపిక తక్కువ. ఆమె ఆయనకు పూర్తిగా భిన్నం.

ఏ కబురు పంపాలన్నా ముందు అవతలి యంత్రాన్ని ‘ఎవరు నువ్వు?’ అని అడిగే మీట నొక్కేది. అది తన పేరు చెప్పుకున్నాకే ఆమె వేళ్లు కదిలేవి. మా యంత్రం పేరూ అలాగే అవతలివాళ్ల కాగితం పైన పడేది.

"ఇదేమన్నా పెండ్లిసూపులా ఆపా, పేరడగందే పని మొదలు కాదు?" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేదే తప్ప మానేది కాదు.

ఒకసారి యంత్రం చెడితే, బాగుచేసేవాళ్లు దాన్ని పట్టుకుపోయి ఇంకొకటి పెట్టిపోయారు. ఆపా దాని మీదే మా బేరం జవాబు పంపింది. మర్నాడు మిల్లు నుంచి ఫోన్. మీ జవాబు అందలేదు, సాయంత్రంలోగా రాకపోతే పత్తి బేళ్లు వేరేచోట కొంటాం అన్నారు. సావుకారి మండిపడ్డాడు.

"యావనికి కొట్టినావమ్మా? రేపట్నుంచి రావాకు!"

ఆ కొలువు మీదే ఆమె ఇల్లు నడిచేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆపా మాత్రం నిన్న పంపిన కాగితం తీసి చూసింది. పైన మిల్లు పేరు సరిగ్గానే ఉంది. అంటే కబురు చేరినట్టే. మరి వాళ్ల కాగితం మీద మన పేరేమని పడింది? మా యంత్రం చేత సొంత పేరు చెప్పించే మీట నొక్కింది. మేమెన్నడూ వినని ఎవరో వ్యాపారి పేరు పడింది! ఆ పేరుండేది లోపలి పళ్ల చక్రంలో. దాన్ని మార్చకుండానే బిగించిపోయారు మహానుభావులు.

"పేరు ఎవురిదైతే ఏమి? మళ్లా కొట్టు," అన్నాడు సావుకారి.

"ఎన్నిసార్లు కొట్టినా ఇంతే సావుకారీ. కింద మన పేరు, పైన ఇంకెవురిదో. మోసమనుకుంటారు. ఫోన్ చేసి సెప్పండి."

అన్ని తిట్లు తిన్నాక కూడా గొంతు వణకని మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ట్రంకుకాల్ కలిసేదాకా సావుకారి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అవతలివాళ్లు వెతికితే, అనుమానంతో పక్కన పడేసిన కాగితాల్లో మా జవాబు దొరికింది. బేరం నిలిచింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఆపా కుర్చీలోంచి లేచింది. "సావుకారీ, రేపు రావాల్నా, వద్దా?"

ఆయన యంత్రం వైపు చెయ్యి చూపించాడు.

"తప్పు నాదే. నువ్వు రాకుంటే దీన్ని నిలదీసేదెవరమ్మా?"