కట్టుడు పన్ను పెట్టుకున్న డ్రాగన్

మీరు మా పళ్ల అక్కని కలిసి తీరాల్సిందే! డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఆదివారం సాయంత్రాలు అదే ల్యాబులో, బల్ల మీది సున్నప్పొడి తుడిచేసి మా చేత ఆట ఆడిస్తుంది. కథ ఆమె చెబుతుంది, అందులోని వీరులం మేం. కత్తి దూయాలా పారిపోవాలా అన్నది మా ఇష్టం. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెప్పాలి.

మొన్నటిదాకా ఆట చప్పగా ఉండేది. గుహలో డ్రాగన్ పడుకుని ఉంటుంది, వెళ్తాం, చంపేస్తాం, టీ తాగుతాం. ఓరోజు బస్సు డ్రైవర్ బాబాయి విసుక్కున్నాడు.

"ఇది డ్రాగనా, దిండా తల్లీ? ఇంకోసారి ఇలాగే ఉంటే నేను రాను."

ఆయన మానేస్తే మందుల షాపు వదిన కూడా మానేస్తుంది. ఇక మిగిలేది నేనొక్కణ్ణే. అక్క మొహం వాడిపోయింది. వారమంతా ఈ సాయంత్రం కోసమే ఎదురుచూసే మనిషి మరి.

తర్వాతి ఆదివారం డ్రాగన్ పడుకుని లేదు. బాబాయి దెబ్బకి కోర ఊడగానే ఎగిరి పారిపోయింది! అక్క నిజంగానే అచ్చు పోసిన కోరని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బస్సు అద్దానికి వేలాడదీసుకున్నాడు.

కొన్ని వారాలకి డ్రాగన్ తిరిగొచ్చింది, ఇనప కట్టుడు పన్నుతో.

"బావున్నావా బాబాయ్?" అంది అక్క, నోరు సగం తెరిచి డ్రాగన్ గొంతుతో. "ఈ పన్ను గుచ్చుకుని చస్తున్నా. నోరు మూతపడదు, మంట ఆగదు, అడవంతా తగలబడుతోంది. నా కోర నాకు పెట్టెయ్, మీ ఊరి జోలికి రాను."

అంటూ డ్రాగన్ నేల మీద తల వాల్చి నోరు తెరిచింది.

"గొంతు కనిపిస్తోంది, పొడిచెయ్ బాబాయ్!" వదిన అరిచింది.

"పాపం, నొప్పిగా ఉంది కదా వదినా!" అన్నాను.

"నీకంత జాలేస్తే నువ్వే వెళ్లు దాని నోట్లోకి!"

బాబాయి పాచికలు బల్ల మీద పెట్టేసి లేచాడు. "ఎవరూ కదలొద్దు. కోర బస్సులో ఉంది, తెస్తా!" అని పక్కవీధి డిపోకి పరుగు తీశాడు.

అక్క నెమ్మదిగా అడిగింది. "వచ్చే వారం మానేస్తాడంటావా?"

"చెప్పులు కూడా మర్చిపోయాడక్కా!"

బాబాయి రొప్పుతూ వచ్చాడు. ఎడంచేతిలో కోర. కుడిచెయ్యి మాత్రం బల్ల మీది పాచికల దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

మీరే చెప్పండి, మీరైతే కోర పెట్టేవారా, గొంతులో కత్తి దింపేవారా?