సువార్తమ్మ నుదుటి బొట్టు

ఒక్క మాట నా గొంతుకి అడ్డం పడి ఏళ్ళు గడిచాయి. చెప్పడానికి అరనిమిషం పట్టదు. చెప్పమని అడిగిన మనిషి ఉన్నప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళయితే ఈపాటికి ఏదో ఒక ముచ్చటైన అబద్ధం అల్లి వినిపించేవాణ్ణి. అది నా ఉద్యోగం మరి.

ఇంట్లో పొలాలున్నా నేను బడిలో కూర్చున్నది తక్కువ. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పనిచేస్తూ, దొరికిన కాగితమల్లా చదువుతూ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. ముసలితనంలో గుంటూరులో ఒక పీఆర్ ఏజెన్సీ నన్ను పిలిచి ఉద్యోగమిచ్చింది. హోటళ్ళకీ రిసార్టులకీ పేరు తెచ్చిపెట్టడం వాళ్ళ వ్యాపారం. అక్కడున్న పిల్లలందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే. తెలుగులో తిన్నగా నాలుగు వాక్యాలు రాయడం ఒక్కడికీ చేతకాదు. అందుకే నేను.

ఆ పని ఎలా ఉంటుందంటారా? ఉప్మా ఉడికితే మేము ‘వారసత్వ రుచి’ అనాలి. గోడకి రెండు చాటలు వేలాడదీస్తే ‘మూలాల్లోకి ప్రయాణం’ అనాలి. పొద్దున్నే ఏజెన్సీ నడిపే మా మేడమ్ అడిగే మొదటి ప్రశ్న, “స్టోరీ ఏంటి?” కూర ఎలా ఉందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. విలేకరుల్ని ఏసీ హాల్లో కూర్చోబెట్టి, రొయ్యల వేపుడు పెట్టి, వెళ్ళేటప్పుడు స్వీటు డబ్బాతో పాటు నేను రాసిన వార్త కూడా చేతిలో పెట్టేవాళ్ళం. మర్నాడు పేపర్లో అదే వచ్చేది, అక్షరం మారకుండా, వాళ్ళ పేరుతో. తిని మూతి తుడుచుకుని పోయిన వాళ్ళంటే నాకు రోత. మెతుకులు చల్లి పిట్టల్ని పట్టినట్టు వాళ్ళని పట్టిన మేమంటే అంతకన్నా రోత. మరి తెల్లారగానే పేపరు తెరిచి నా వాక్యాలు నేనే మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిందెవరు?

ఒంగోలు వెళ్ళే దారిలో హైవే పక్కన ఒక కొత్త హోటల్ ప్రచారం మా చేతికొచ్చింది. యజమాని గ్రానైట్‌లో సంపాదించినవాడు. వాళ్ళ నాయనమ్మ దంచిన కారమే ఆ హోటల్ రుచికి మూలమని స్టోరీ. ఆవిడ జన్మలో రోకలి పట్టిందో లేదో ఆయనకే తెలియదు. వంటింట్లో మిల్లు నుంచి వచ్చిన కారం బస్తాలుండేవి. గుమ్మం దగ్గర మాత్రం ఒక ముసలావిడ రోట్లో కారం దంచుతూ కనపడాలని మేడమ్ తేల్చింది.

పక్క ఊరి నుంచి సువార్తమ్మని తెచ్చారు. బతుకంతా మిరపకాయలు కోసి, తొడిమలు తీసిన మనిషి. ఆవిడ దంచుతుంటే చుట్టూ నిలబడ్డ విలేకరులు తుమ్ములతో, కళ్ళనీళ్ళతో పరుగులు పెట్టేవాళ్ళు. ఆవిడకి ఒక్క తుమ్ము రాదు. “పంతుళ్ళు ఏడుస్తున్నారే, ఎవరన్నా కొట్టారా?” అనేది నవ్వుతూ. సువార్తమ్మ అనే క్రైస్తవ పేరు స్టోరీకి కుదరదని నేనే మహాలక్ష్మమ్మ అని మార్చాను. నాయనమ్మగారి దగ్గర పెరిగి, ఆవిడ చేతి విద్యని అందుకున్న మహాలక్ష్మమ్మ. ఎంత బాగా రాశానో. అది రాసిన చెయ్యి ఇదే.

ఫొటో తీసే రోజు, ఆవిడ ముఖం బోసిగా ఉందన్నాడు ఫొటోగ్రాఫర్. రిసెప్షన్‌లో దేవుడి పటం ముందున్న కుంకుమ భరిణె నేనే తెచ్చాను. ఆవిడ తల పక్కకి తిప్పేసుకుంది. వద్దు మాస్టారూ, మా చర్చి సంఘంలో ఒప్పుకోరు, అంది. రెండు చేతులకీ మోచేతుల దాకా కారం. ఆ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకునే వీల్లేదు. బొట్టు పెట్టాక తుడుచుకునే వీలూ లేదు. అది నాకు తెలుసు. తెలిసే బొటనవేలితో పెద్ద బొట్టు పెట్టాను. ఫొటో అయ్యాక కడిగేసుకుందువుగానిలే, అన్నాను.

కడుక్కుంది. కానీ ఫొటో హోర్డింగుల మీదికెక్కింది, ఆదివారం పేపర్లో అరపేజీ వచ్చింది. చర్చిలో ఆరాధనకి వచ్చినవాళ్ళ చేతుల్లో ఆ పేపరుంది. సంఘ పెద్దలు ఆవిడకి ప్రభువు బల్ల ఆపేశారు. అంటే నెలనెలా అందరూ పంచుకునే రొట్టె, ద్రాక్షరసం ఆవిడకి లేవు. స్త్రీల సమాజంలో పాటలెత్తే మనిషి. పాటా ఆపేశారు.

బస్సెక్కి గుంటూరు వచ్చింది. మా ఆఫీసు ఏసీ చలికి కొంగు భుజాల నిండా కప్పుకుంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. కూర్చోమని నేనూ అనలేదు.

“మాస్టారూ, ఈ ఆదివారం ఒక్కసారి మా చర్చికి రండి.”

“నేనెందుకు సువార్తమ్మా?”

“బొట్టు మీరు పెట్టారని, నేను వద్దన్నానని చెప్పండి. అంతే. నేను చెబితే నమ్మట్లా. జీతానికి దేవుణ్ణి అమ్ముకుందంటన్నారు.”

“వాళ్ళకి బుద్ధిలేకపోతే నేనేం చేసేది? ఇంతోటి బొట్టుకి ఇంత గోలా?”

“ఇంతోటిదేనండి. మీరు చెప్పేదీ ఇంతోటి మాటే గదా.”

“చూద్దాంలే.”

“చూద్దామంటే రారని గదండీ.” నవ్వింది. “లేని నాయనమ్మ కథ రాస్తే జనం నమ్మారంట. ఉన్నది చెబితే మావాళ్ళు నమ్మరా?”

నేను వెళ్ళలేదు.

మేడమ్ వెళ్ళనివ్వలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మేడమ్‌ని నేను అడగనే లేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డానని మరికొంతకాలం చెప్పుకున్నాను. అదీ అబద్ధమే, ఆ ఉద్యోగం నాకేమంత అవసరం కాదు. మరి ఏమిటి? ఊరి చివర పేటలో, రేకుల కప్పు చర్చిలో, మా పొలాల్లో కాయలు కోసిన కూలీల ముందు నిలబడి తప్పు నాదని చెప్పాలా అని. అది. ఆవిడ నన్ను మీరంది, నేను నువ్వన్నాను, ఇద్దరిదీ ఒకే ఈడు. పుస్తకాలు చదివి నేను ఎంతో ఎదిగిపోయానని, కులాన్ని ఏనాడో దాటేశానని అనుకునేవాణ్ణి. దాని గురించి వ్యాసాలు కూడా రాశాను. అవీ బాగానే రాశాను.

తర్వాత ఏమైందో హోటల్ వాచ్‌మన్ చెప్పాడు. అతనిదీ ఆ సంఘమే. సువార్తమ్మ హోటల్ మానేసింది. కొన్నాళ్ళు వెనక బల్ల మీద కూర్చుని, అందరూ రొట్టె తీసుకుంటుంటే తలవంచుకునేదట. చివరికి ఒక ఆదివారం లేచి, అందరి ముందూ తప్పైపోయింది, క్షమించండి, అందట. అప్పుడు గాని చేర్చుకోలేదు. నా తప్పు ఆవిడ ఒప్పుకుంది. నా పేరు ఎత్తలేదు. ఎందుకెత్తలేదు? మంచితనమా? లేక ఎత్తినా దండగనుకుందా? రెండోదే అయ్యుంటుంది. మనుషుల్ని బాగానే చదివింది.

పోయిన మిరప కోతల్లో ఆవిడ చనిపోయింది. ఈసారి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో కూడా సరిగ్గా చెప్పలేను. సమాధి దగ్గర పాస్టరుగారు ఈ తల్లి గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. అది వాళ్ళ ఆచారం. ఎవరెవరో ముందుకొచ్చి చెప్పారు. ఆవిడ పాట గురించి, ఆవిడ వేళాకోళాల గురించి. “హోటల్ బొట్టు విషయంలో కాస్త జారినా, మళ్ళీ దారికొచ్చిన మనిషి” అని ఒక పెద్దాయన అన్నాడు. అందరూ తలలూపారు. పాస్టరుగారు నా వైపు కూడా చూశారు, కొత్త ముఖం కదా. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో నా భుజం తట్టారు. తట్టించుకున్నాను.

ఆ పెద్దాయన మాట ఆవిడ మీద మట్టితో పాటే పడింది. అది తీయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలో లేదు, ఉన్న చెయ్యి పోయింది. ఇంత రాశాక గొంతు కాస్త వదులైన మాట నిజం. ఆ సుఖానికి కూడా నేను తగను. అయినా ఆవిడ అడిగింది ఇంతోటి మాటే గనక, అడిగినట్టుగానే చెబుతున్నాను.

బొట్టు పెట్టింది నేను. సువార్తమ్మ వద్దంది.