అప్పకు చదివి వినిపించని రివ్యూలు

ఎదురు పాక అప్ప పోయిందని పాలు పోసే అతను చెప్పగానే నేను చేసిన మొదటి పని ఇంకో మూడు కిలోల బియ్యం కడగడం. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే. ఆ రోజు శుక్రవారం, అరకు సంత. కొండ మీద సొంత ఊళ్ళో, నిద్రలోనే ప్రాణం పోయిందట. "పొద్దున్న లేపితే లేవనేదటమ్మా" అన్నాడతను. అయ్యో అన్నాను. అయ్యో అంటూనే, ఈ పూట ఆవిడ జనమంతా నా హోటలుకే వస్తారు కదా అనుకున్నాను. వచ్చారు. వచ్చిన ప్రతివాడూ నా బల్ల దగ్గర కూర్చుని, మూసి ఉన్న ఎదురు పాక వైపు చూస్తూ తిన్నాడు.

మేము విజయనగరం వైపు నుంచి వచ్చి అరకులో హోటలు పెట్టుకున్నవాళ్ళం. మాకు బోర్డు ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి, గోడకి టైల్సు ఉన్నాయి. పదకొండేళ్ళ కిందట రోడ్డుకి అటువైపు ఆవిడ నాలుగు వెదురు గుంజలు పాతి, మీద రేకులు వేసి, రెండు బల్లలు పడేసింది. బోర్డు లేదు. వచ్చినవాళ్ళంతా అప్ప అని పిలిచారు, అదే హోటలు పేరయిపోయింది. మా వైపు పెద్దక్కని అప్ప అంటాం. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద కాబట్టి నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను సావుకారమ్మ అనేది.

అడ్డాకు విస్తరిలో అన్నం, రాజ్మా పప్పు, వెదురు కొమ్ముల కూర, వలిసె గింజల పచ్చడి, చారు. అంతే. ధర మా భోజనంలో సగం. సంత రోజున కొండల మీంచి దిగివచ్చే వాళ్ళు సొంత అంబలి ఎండు ఆనపకాయ బుర్రలో తెచ్చుకుని ఆవిడ బల్లల మీద కూర్చునేవారు. ఏమీ కొనేవారు కాదు. ఆవిడ పొమ్మనకపోగా, ఆకుముక్క మీద ఇంత పచ్చడి వేసి వాళ్ళ ముందు పెట్టేది. "వ్యాపారం చేసే లక్షణమేనా ఇది?" అని నేను మా ఆయన దగ్గర ఎద్దేవా చేసేదాన్ని. రెండేళ్ళు తిరక్కుండానే విశాఖపట్నం కార్లు కూడా ఆ రేకుల ముందు ఆగడం మొదలుపెట్టాయి.

ఆ కార్లను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. దాచుకోను. నా కడుపుమంట ఎంతదాకా వెళ్ళిందంటే, చివరికి ఎంగిలాకులు కూడా పోల్చి చూసేదాన్ని. మా ఆకుల కుప్ప దగ్గర మేకలు తిని తిని బలిశాయి. ఆవిడ కుప్ప దగ్గరికి వెళ్ళిన మేక, ఆకుల్లో మెతుకైనా మిగలక, వాసన చూసి తిరిగి మా వైపే వచ్చేది. మా ఆయన ఓ రోజు విసిగిపోయి, "పొయ్యి మీద పెట్టాల్సిన కళ్ళు ఎదురు పాక మీద పెడితే కూర మాడకేటవుద్ది?" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంతలో ఎవరో కాలేజీ పిల్లలు వచ్చి, తిని, ఆవిడ పాకని ఫోను మ్యాపులో ఎక్కించి పోయారు. దాని కింద జనం రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. అప్పకి ఒక్క కూతురు, కొయ్యూరు వైపు అంగన్వాడీలో పని. ఆ అమ్మాయి కొనిచ్చిన ఫోను పట్టుకుని, సంత మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, జనం తగ్గాక, అప్ప చేతులు చీరకి తుడుచుకుంటూ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు సదువుకున్నదానివి సావుకారమ్మా. ఏటి రాసినారో సదివి పెట్టు."

చూశాను. "ఇంత తక్కువ ధరకి ఇంత కమ్మటి భోజనం అరకు మొత్తం మీద ఇంకెక్కడా దొరకదు. పప్పు అద్భుతం. తాగే నీళ్ళు మాత్రం మరీ చల్లగా ఉన్నాయి, చలికాలం కదా." అరకు మొత్తం మీద ఇంకెక్కడా! అంటే నా హోటలుతో సహా.

"నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయట" అని చదివాను.

"అంతేనా? ఇంత పొడుగుంది కదేటి?"

"చదువుకున్నవాళ్ళు చిన్న మాటని సాగదీసి రాస్తారప్పా."

ఆవిడ తలూపింది. తర్వాత వేలు పెట్టి, "మరి ఈ సుక్కలేటి?" అని అడిగింది. పసుప్పచ్చగా ఐదు స్టార్లు మెరుస్తున్నాయి. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. "ఎన్ని లోపాలు కనబడితే అన్ని చుక్కలు పెడతారు" అన్నాను.

"అయిదా!" అంది అప్ప. గుండె మీద చెయ్యి వేసుకుంది.

మర్నాటి నుంచి పాకలో ఒక డేగిసా నిండా గోరువెచ్చని నీళ్ళు కనబడ్డాయి. అది చూసి ఇంకెవడో మెచ్చుకుంటూ రాశాడు, చివర్న చేతులు కడుక్కోవడానికి చోటు లేదని ఒక ముక్క. నేను ఆ ముక్కే చదివాను. వారం తిరక్కుండా కొళాయి బిగించిన డ్రమ్ము, సబ్బు వచ్చాయి. పిల్లలకి కారం ఎక్కువైందని ఒకావిడ రాస్తే, పిల్లల కోసం కారం లేని పప్పు వేరే గిన్నెలో పెట్టింది. దానికి డబ్బు తీసుకునేది కాదు. "ఆకలితో ఉన్నోడు ఏటి పెట్టినా బాగుందంతాడు. కడుపు నిండినాక సెప్పిందే వంట గురించి మాట" అనేది. అందుకే లోపాలు వినడానికి వారం వారం అంత ఆత్రంగా వచ్చేది.

లోపాలు దొరకని వారం నేనే కల్పించాను. "వడ్డించే మనిషి మొహం చిటపటలాడుతూ ఉందట" అన్నాను ఒకసారి. పొగాకు నమిలి పళ్ళు నల్లబడ్డాయని ఎవరి ముందూ నవ్వని మనిషి, మర్నాటి నుంచి నోటికి చేతి వేళ్ళు అడ్డం పెట్టుకుని, ప్రతి బల్ల దగ్గరా నవ్వడం మొదలుపెట్టింది. నా దగ్గర కూర్చుని సాధన కూడా చేసింది. "ఇలగ సాలునా?" అని అడిగింది. చాలు అన్నాను. నెల తిరక్కుండా ఒకతను రాశాడు: "ఆ పెద్దమ్మ నవ్వుకే ఐదు స్టార్లు." చూశారా నా తెలివి? నా గొయ్యి నేను తవ్వుకుంటూ, పక్కనే ఆవిడకి మెట్లు కట్టాను.

తిని వెళ్ళేవాళ్ళు అభిమానంగా ఫోను చూపించి, "అప్పా, ఐదు స్టార్లు ఇచ్చాం" అనేవారు. ఆవిడ రెండు చేతులూ జోడించి, "తప్పయిపోనాది బాబూ, ఈసారి బాగా సేత్తాను" అనేది. వాళ్ళు దాన్ని వినయం అనుకుని ఇంకా మురిసిపోయేవారు. రోడ్డుకి ఇవతల నేను గల్లా దగ్గర పళ్ళు నూరుకునేదాన్ని.

ధర పెంచితేనన్నా జనం నా వైపు తిరుగుతారేమోనని ఒకసారి మెల్లగా కదిపాను. "అన్నీ మండిపోతున్నాయప్పా, నువ్వూ ఓ ఇరవై పెంచు."

"అయిదేసి లోపాలున్న కూటికి ఏ మొగం పెట్టుకుని పెంచుతాను సావుకారమ్మా? సవగ్గా దొరుకుతాదని వత్తన్నారు గానీ, నా వంట బాగుండా?"

నేను వేసిన ముడి నా మెడకే బిగుసుకుంది. విప్పాలంటే నిజం చెప్పాలి.

మా హోటలు కింద కూడా రివ్యూలు ఉన్నాయి. "పర్వాలేదు. ఎదురు పాకలో చోటు దొరక్కపోతే ఇక్కడ తినొచ్చు." మూడు స్టార్లు. అప్ప ఒకరోజు నా ఫోను వైపు తొంగి చూసి, "నీకు మూడే!" అంది. ఆ గొంతులో రవ్వంత ఈర్ష్య లేదు. "ఉండవు మరి. నీ వంట అలాటిది. నానెప్పుడు అంతదాక వత్తునో" అంది. మనస్ఫూర్తిగా అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆవిడ నన్ను చూసి కుళ్ళుకుని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఇంకొక్క మధ్యాహ్నం గురించి చెప్పాలి. వాన పడుతోంది, సంత పల్చగా ఉంది. అప్ప మా బల్ల మీద కూర్చుని ఫోను నా చేతికిచ్చి, "ఒక్కడైనా బాగుందని రాయనేదా?" అని అడిగింది. అప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది ఇది: "మా అమ్మ పోయి మూడేళ్ళయింది. ఈ పప్పు తింటూ ఏడ్చేశాను. అప్పకి నా నమస్కారం." చదివేయాలనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను. అంతలో రోడ్డు అవతల ఒక కారు ఆగింది, నా హోటలు వైపు కనీసం చూడకుండా ఆరుగురు దిగి ఆవిడ పాకలోకి పరిగెత్తారు.

"నెట్టు సరిగ్గా లేదప్పా. రేపు చూద్దాం" అన్నాను.

"సరేలే. బేగి ఎల్లాల, ఎవులో వచ్చినారు" అని లేచి, కొంగు నెత్తి మీద కప్పుకుని వానలో రోడ్డు దాటింది. ఆ రేపు మళ్ళీ నేను తేలేదు, ఆవిడా అడగలేదు.

దినానికి జీపెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. కొండ వాలంతా జనం. నడిచి వచ్చినవాళ్ళు, ఆటోల్లో వచ్చినవాళ్ళు, విశాఖపట్నం నుంచి కారులో వచ్చిన ఒక కుటుంబం కూడా. నా దినానికి ఇందులో పావు మంది వస్తారా అనుకున్నాను. చావుని చూసి కూడా కుళ్ళుకునే బుద్ధి ఎవరికైనా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఉంది, నాకే ఉంది.

కూతురు నన్ను చూసి దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది.

"అమ్మ వాడిన గరిటె, ఫోను అమ్మతోనే మట్టిలో పెట్టీసినాం పిన్నీ. మా ఆచారం అది. ఆ ఫోనులో ఏటి రాసేవోలో నాను ఎప్పుడూ సూడనేదు. నానుండే కాడా, మా ఊళ్ళోనూ సిగ్నలుండదు, అమ్మ సెప్పడానికి సిగ్గుపడేది. జనానికి నా వంట నచ్చదే, సవగ్గా ఉందని తింతన్నారంతే, అనేది."

నేను తల దించుకున్నాను.

"కానీ నిన్ను మాత్రం ఒకటే తలిసేది. అందరూ మొగమాటానికి బాగుందంతారు, సావుకారమ్మ ఒక్కతే నిజం సెప్తాది అని."

అప్పుడే చెప్పేయాల్సింది. కొండ మీద, అంతమంది ముందు, మీ అమ్మంత బాగా వండే మనిషి ఈ అరకులోనే లేదని అరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ అమ్మాయి భోజనానికి ఉండమంది. జీపు వెళ్ళిపోతుందని వంక చెప్పి వచ్చేశాను. ఆ పిల్ల ఎప్పటికైనా ఇది చదువుతుందని, చదవాలని, ఇలా రాస్తున్నాను.

మొన్న ఆదివారం కాకినాడ నుంచి భార్యాపిల్లలతో ఒకతను వచ్చాడు. మా హోటల్లో తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ఫోను తీసి చిరాగ్గా నొక్కుతున్నాడు. ఏమైంది బాబూ అంటే, "ఎదురు హోటల్ మూసేశారేంటండీ? ఇంత దూరం దానికోసమే వచ్చాం. అందుకే ఒక్క స్టారు కొట్టా" అన్నాడు.

పదకొండేళ్ళలో ఆ పాకకి పడిన మొదటి ఒక్క స్టారు. దానికోసం నేను ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో. అప్ప చూసి ఉంటే ఒక్క లోపమేనా అని ఎంత సంబరపడేదో. నాకు మాత్రం ఒళ్ళంతా మండింది.

"తీసెయ్ బాబూ. తీసెయ్ ముందు. ఆవిడ చచ్చిపోయింది."

అతను బిత్తరపోయాడు. "అయ్యో, తెలీదండీ, సారీ అండీ" అంటూ గబగబా చెరిపేశాడు. ఐదు స్టార్లు పెట్టాడు. మంచివాడే. "మేం తినలేదు కదండీ, ఏం రాయాలో తెలీట్లేదు. ఎదురుగానే ఉంటారు, మీరు చెప్పండి, రాస్తాను" అన్నాడు.

"రాయి బాబూ. ఆ పప్పు ఉంది చూశావూ..." అని మొదలుపెట్టాను.

"ఎలా ఉండేదండీ?"

మొదట్లో, కొండవాళ్ళ చేతి వంట మా ఇళ్ళల్లో తినరని తినలేదు. తర్వాత కుళ్ళుతో తినలేదు. ఆవిడ పిలవక కాదు.

"నాకు తెలియదు బాబూ" అన్నాను. "నేనెప్పుడూ తినలేదు."

అతను వేలు ఫోను మీద అలాగే ఉంచి, నేనింకేమైనా చెబుతానేమోనని నా మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు.