స్టూడియో మామ ఎక్కించిన లినక్స్

స్టూడియో మామ పోయాడని పొద్దున్నే ఆయన కొడుకు వచ్చి చెప్పాడు. నిద్రలోనే పోయాడట. నేను కంప్యూటర్లో జాకెట్టు వీపు మీదికి నెమలి డిజైను గీస్తున్నాను. "అట్లనా" అన్నాను. అతను వెళ్ళాక మిగిలిన ఈకలు కూడా గీశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

మా ఊరి పేరు యాడికి. ఆ ఊరి బజారులో మామది ఫోటో స్టూడియో. పెళ్ళి ఆల్బంలూ, చావు ఫ్లెక్సీలూ అన్నీ ఆయనే చేసేవాడు. చుట్టం కాదు, పక్కింటివాడు కాబట్టి మామ. మగ్గం పనికి నేను డిజైన్లు గీయడం మొదలుపెట్టినప్పుడు నా పాత కంప్యూటరు ఎండాకాలం బోరులా ఆగి ఆగి పనిచేసేది. విండోస్ తీసేసి, ఊరికే దొరికే లినక్స్ వేస్తే దారికొస్తుందని ఎవరో అన్నారు. అందులో ఏ రకం బాగుంటుందని మామను అడిగాను.

"నీ పనేందో చెప్పకుండా ఏది బాగుంటాదంటే నేనేం చెప్పల్లమ్మా? నువ్వు బొమ్మలు గీస్తావు. మీ నాయన కరెంటు బిల్లు కడతాడు, సినిమాలు చూస్తాడు. ఇద్దరికీ కుదిరేది చూడల్ల."

మామ దేన్నీ ముందే ఎక్కించేవాడు కాదు. పెన్‌డ్రైవులోంచే నడిపించి, మనల్ని దాని ముందు కూర్చోబెట్టి తాను టీకి పోయేవాడు. "పెండ్లిచూపులనుకో. నచ్చకుంటే పెన్‌డ్రైవు పీకెయ్. నీ పాతది అట్లనే ఉంటాది."

తెర మీద కిటికీలు ఊగుతూ తెరుచుకునే ఒక సోకుల రకం మీద నేను మనసు పడ్డాను. నేను గీసిన ఏనుగుల అంచు డిజైను ఫైలు తెరవగానే బిగుసుకుపోయింది. మామ వచ్చి చూసి నవ్వాడు. "ఉండే మెమరీ అంతా సోకే తినేస్తే నీ ఏనుగులకేం మిగుల్తాది?"

తర్వాత మింట్ అనే రకం పెట్టాడు. మెనూ కింద మూలలో, నాయనకు అలవాటైన చోటే ఉంది. గీయడానికి క్రీటా, ఫోటోలకు గింప్. నేను బొమ్మలు గీసే డిజిటల్ పెన్ను ఒత్తితే గీత లావవుతుందో లేదో చూశాడు. నాయన చేత బిల్లు రసీదు ప్రింటు తీయించాడు. అప్పుడుగానీ ఎక్కించలేదు.

మధ్యాహ్నం కొడుకు మళ్ళీ వచ్చాడు. "మా నాయన ఫ్లెక్సీ నువ్వే చేయల్ల. కోటు పెట్టు."

మా వైపు చావు ఫ్లెక్సీలో కోటు ఉండాల్సిందే. తుండుగుడ్డ తప్ప ఎరగని రైతులకు కూడా మామ ఫోటోలో కోటు తొడిగి, ముఖం తెల్లగా చేసేవాడు. "బతికున్నప్పుడు కుట్టించుకోలేదు గదమ్మా, ఇప్పుడన్నా తొడగనీ" అనేవాడు.

గింప్‌లో మామకు కోటు తొడిగాను. ఎవరో బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. భయమేసింది. ఊరు ఆయన్ని కడసారి చూసే ముఖం ఇది. బాగుందా అని అడుగుదామంటే, అడగాల్సిన మనిషే తెర మీద ఉన్నాడు. కోటు తీసేశాను. నలిగిన గళ్ళ చొక్కా, ఒక పక్క పైకి లేచిన కాలరు, ఎండకు కమిలిన ముఖం. అట్లాగే ప్రింటుకు పంపాను. ఇంట్లోవాళ్ళు ఏమంటారో అన్న దడ తప్ప ఆ రోజంతా నాలో ఇంకేమీ కదల్లేదు.

సాయంత్రం స్టూడియో ముందు ఫ్లెక్సీ కట్టారు. కొడుకు నావైపు చూసి తల తిప్పుకున్నాడు. అత్తను, అంటే మామ భార్యను, ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె ఫ్లెక్సీకి దగ్గరగా వచ్చింది.

"ఇస్త్రీ చేసిస్తా అంటే ఏపొద్దూ ఇన్లేదు ఈ మనిషి" అంది. చెయ్యెత్తి, ఫ్లెక్సీ మీద లేచివున్న ఆ కాలరును అరచేత్తో అణిచింది. చెయ్యి తీసి చూసి, మళ్ళీ అణిచింది.