చెల్లెల్ని సముద్రం కాడికి తీసకపోయినప్పుడు

మా చెల్లెలి మొగుడు కువైట్లో గుండె ఆగి పోయినాడు. పెట్టెలో ప్రొద్దుటూరికి వచ్చినాడు. ఆ పొద్దు నుంచి చెల్లెలు ఏడవలేదు, నోరు తెరిచి ఒక మాట మాట్లాడలేదు. రెండు మెతుకులు కతికేది, గోడకు తిరిగి పండుకునేది. డాక్టరు చూసి, "ఒంట్లో ఏం లేదమ్మా, కొన్నాళ్ళు ఊరు మార్చి చూడండి" అన్నాడు.

అమ్మ పోయినంక దాన్ని సాకింది నేనే. ఆ పనీ నా నెత్తినే పడింది. తెలిసినోళ్ళు చెప్తే భీమిలి దగ్గర, కొండ మీదుండే ఒక చిన్న పల్లెకు తీసకపోయినా. వాకిట్లో నిలబడితే జీడిమామిడి తోపు మీదుగా సముద్రం కనపడేది. మా దిక్కు కొండెక్కినా కనపడేది బండలే. అన్ని నీళ్ళు ఒక్కసారిగా చూసేసరికి నాకే గుండె జల్లుమన్నది. దానికి మాత్రం ఏమీ పట్టలేదు. ఊరు శానా మంచిది, సద్దే లేదు. ఇంట్లో ఉండే సద్దులేనితనం చాలకనా ఇంత దూరం వచ్చింది అని నా మీద నాకే కోపమొచ్చింది.

ఒక మధ్యాన్నం సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి దాని ముందర పెట్టినా. ముట్టలేదు. ఇంక నా వల్ల కాలేదు.

"ఏమే, తింటావా తినవా? నీ పాసుగూల! నువ్విట్ల ఎండిపోతాంటే చూస్తా కూచోవల్లనా నేను? యాడికి పోయి చెప్పుకోవల్ల? మింగు, నీకు దండం పెడతా, ఒక్క ముద్ద మింగు!" అని అరిచినా.

ఇల్లు బాడుగకిచ్చిన పెద్దామె పరిగెత్తుకొచ్చింది. "ఏటమ్మా, పుట్టెడు దుక్కంలో ఉన్న గుంటని అలాగ తిడతన్నావు? నీకు మనసు లేదేటి?" అని దాన్ని పొదువుకుంది. గుంట అంటే వాళ్ళ దిక్కు ఆడపిల్లంట. నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే గదా, తిట్టకుండా మాట్లాడేది మా ఇంట్లో ఎవురికొచ్చు?

చెల్లెలు ఆమె చేతులు విడిపించుకుంది. ఇన్నాళ్ళూ వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"మా యక్క తిట్టడంలేదమ్మా. బతిమాలుతాంది."

ఆ మాటంటానే నా ఒళ్ళో పడి భోరుమంది. మొగుని కోసం అది ఏడ్చింది అదే మొదలు.