రైఫిళ్ల మీది అక్షరాలు

జేబులో ఒక్క తూటా దొరికినా జైల్లో వేసే సింగపూర్‌లో, తుపాకీని ఎన్నడూ ముట్టుకోని నేను ఏడాదిపాటు రైఫిళ్ల గుట్టు విప్పే ప్రోగ్రాం రాశాను. ఐటీ ఉద్యోగాలు పోటెత్తిన రోజులవి. చాంగీ బిజినెస్ పార్క్‌లోని మా చిన్న కంపెనీ ఏ పని వచ్చినా కాదనేది కాదు. పాత రైఫిళ్లను వేలం వేసే విదేశీ సంస్థ ఒకటి వేల ఫొటోలు పంపింది. ప్రతి రైఫిల్ మీదా తయారుచేసినవాళ్లు కొట్టిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. వాటిని బట్టి అది ఏ మోడలో, ఆ తర్వాత దానిలో ఏం మార్చారో కేటలాగు కోసం మా ప్రోగ్రాం తేల్చి చెప్పాలి.

ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో ఆంధ్రా మెస్‌లో కూర్చుని, ఆ అక్షరాల జాబితాలో అనవసరమనిపించిన నక్షత్రం గుర్తులను పెన్నుతో కొట్టేస్తున్నాను. ఎదుటి కుర్చీలో భోంచేస్తున్న మనిషి చెయ్యి ఆపి చూశాడు. యాభై దాటి ఉంటాయి.

“ఏటమ్మా, ఆ సుక్కలు కొట్టెస్తన్నావు?”

“అచ్చుతప్పులు బాబాయ్.”

“తప్పులు కావమ్మా. మార్క్ త్రీ మోడలు వేరు, మార్క్ త్రీ పక్కన సుక్క ఉన్నది వేరు. తూటాల పెట్టి మీద అడ్డంగా ఒక రేకు ఉండీది. యుద్ధంలో పని తొందరని ఆ రేకు తీసీసినారు. తీసీసినట్టు గుర్తు ఆ సుక్క.”

ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. సైన్యంలో ఇరవై ఏళ్లు రైఫిళ్లు బాగుచేసి, రిటైరయ్యాక వర్క్ పర్మిట్ మీద ఇక్కడి షిప్‌యార్డుకు వచ్చాడు. ఓడల రేకులు గ్రైండింగ్ చేసేవాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను కాగితాలు తెచ్చేదాన్ని, ఆయన చదివి చెప్పేవాడు. అంకె ఏమిటి, అంకె తర్వాత గీత ఎందుకు, పాత గుర్తును కొట్టేసి పక్కన కొత్తది ఎప్పుడు వేస్తారు, అన్నీ. గుర్తొచ్చినవి గళ్ల నోటుబుక్కులో గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చేవాడు. భోజనం నేను పెట్టిస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. “ఇన్నాళ్లకి ఒకలు అడిగినారు, అది సాలమ్మా” అనేవాడు.

ఒకసారి బాగా ధర పలికే రైఫిల్ ఫొటోను కళ్లదగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇక్కడ గ్రైండర్ ఆడించి అచ్చరాలు సెరిపీసినారు. రోజూ నాను సేసే పనే కదా, నాకు తెలుస్తాది. ఈ సోట డీపీ అని ఉండాల. డ్రిల్లుకే గాని పేల్చడానికి పనికిరాదని కొడతారు. ఇది ఎవుడైనా పేలిస్తే మొకం పగిలిపోద్ది.”

నేను ఆ మాట పైకి రాసి పంపాను. వేలం సంస్థ పరీక్ష చేయిస్తే నిజమేనని తేలింది. వాళ్ల ప్రతినిధి మా ఆఫీసుకు వచ్చినప్పుడు అందరిముందూ నన్ను నిలబెట్టి, ఎలా కనిపెట్టావని అడిగాడు.

“మా నాన్న సైన్యంలో రైఫిళ్లు బాగుచేసేవారు” అన్నాను.

మా నాన్న బ్యాంకు గుమాస్తా. అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధం అంత సునాయాసంగా వచ్చినందుకు నాకు ఆశ్చర్యం వేసింది గానీ సిగ్గు వేయలేదు.

రెండు నెలలకు షిప్‌యార్డులో రెండు రేకుల మధ్య ఆయన ఎడమచెయ్యి నలిగింది. రెండు వేళ్లు పోయాయి. షిప్‌యార్డువాళ్లు ఇండియాకు పంపేస్తామన్నారు. నేను ఎప్పుడో ఇచ్చిన విజిటింగ్ కార్డు మీద అడ్రసు చూసుకుని ఒక మధ్యాహ్నం నేరుగా మా ఆఫీసుకే వచ్చాడు. కింద సెక్యూరిటీ ఫోన్ చేసినప్పుడు మా మేనేజరు నా పక్కనే ఉంది. ఎవరని అడిగింది.

“మెస్‌లో కనిపించే కూలీ. ఏదో సాయం అడగడానికి వచ్చి ఉంటాడు” అని చెప్పి కిందికి దిగాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, సోఫా ఉన్నా కూర్చోకుండా గోడవారగా నిలబడి ఉన్నాడు.

“మా కాడ పోలీసు ట్రైనింగు సెంటర్లో పాత తుపాకులు సూసుకోడానికి మనిషి కావాలంటన్నారమ్మా. మా పాత సుబేదారు మాట సాయం సేస్తానన్నాడు. ఈ సెయ్యి సూస్తే తీసుకోరు. రైఫిళ్ల మీద నంబర్లు నాను సదివి సెప్పినానని మీ ఆఫీసు కాగితం మీద ఒక ముక్క రాసిస్తే...”

ఒక్క పేజీ. దాని మీద నా సంతకం చాలు. కానీ ఆ పేజీ బయటికొస్తే మా నాన్న మళ్లీ గుమాస్తా అయిపోతాడు.

“బాబాయ్, మీది వర్క్ పర్మిట్. మరో కంపెనీకి పని చేశారని తెలిస్తే ఇక్కడ జైలే. అందులోనూ తుపాకుల సంగతి. కాగితం రాస్తే మీ మీద మీరే సాక్ష్యం ఇచ్చుకున్నట్టు.”

ఆయన సెక్యూరిటీ డెస్కు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“నాకు తెలీలేదమ్మా. ఆ నంబర్లు నాను సదవలేదంటాను. మిమ్మల్ని అసలు ఎరగనే ఎరగనంటాను.”

“ఆ నోటుబుక్కు మీ దగ్గర ఉండటం కూడా మంచిది కాదు” అన్నాను.

సంచిలోంచి ఒంటిచేత్తో తీసి ఇచ్చాడు. ఇచ్చి, నా పనికి అడ్డం వచ్చానేమో, ఏమీ అనుకోవద్దన్నాడు. అద్దాల తలుపు తెరవడం తెలియక తడబడితే సెక్యూరిటీ అతను వచ్చి తెరిచాడు. నేను అప్పటికే లిఫ్టు దగ్గర ఉన్నాను.

ప్రోగ్రాం పూర్తయింది. నన్ను టీం లీడ్ చేశారు. నోటుబుక్కులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాక దాన్ని చించి, ఆఫీసు చెత్తబుట్టలో వేశాను.

ఏడాది తర్వాత అదే మెస్‌లో, ఆయనతో ఒకే గదిలో ఉన్న మనిషి నన్ను గుర్తుపట్టి పలకరించాడు. ఆ ట్రైనింగు సెంటర్లో వేరొకరిని తీసుకున్నారట. ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడట.

“ఫోన్ సేసినప్పుడల్లా మిమ్మల్ని అడుగుతాడండి. ఆ అమ్మ నేకపోతే నాను సింగపూర్ జైల్లో కుళ్లిపోదును, నిజమేనా అని నన్నడుగుతాడు. నిజమేనాండీ?”

“నిజమే” అన్నాను.