అత్త మెడలో నేను పూడ్చిన సందు

మొన్న మంగళవారం పొద్దున మా అత్త పోయిందని పలాస నుంచి ఫోన్ వచ్చింది. నేను ముందు అడిగిన మాట ఏమిటో తెలుసా? "మెడా?" అని. అవతల అత్త కొడుకు "మెడేటి బావా? కిడ్నీలు. ఏడాదై మంచాన ఉంది కదా" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. కన్నతల్లిలా చూసిన మనిషి పోతే హమ్మయ్య అనుకున్న నా మొహాన ఉమ్మెయ్యాలి. ఎందుకలా అనుకున్నానో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మాది ఉద్దానం ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పడవలు రాగానే చేపల తట్ట నెత్తికెత్తుకుని, ఇసుకలో, జీడితోటల మధ్య నడిచి రోడ్డెక్కి, ఆటోలో పలాస వెళ్లి వీధివీధీ తిరిగి అమ్మేది. తట్ట నెత్తిన ఉండగా ఎవరు పిలిచినా తల తిప్పేది కాదు, మనిషే మొత్తం తిరిగేది. "తలకాయ తిప్పితే సేపలు రోడ్డుకి పంచీసినట్టేరా" అనేది. నేను సెలవులకు వస్తే మాత్రం తట్ట దింపి, చేతులు కొంగుకు తుడుచుకుని బుగ్గలు పుణికేది. ఎంత తుడుచుకున్నా ఆ చేపల వాసన నేను బస్సెక్కినా వదిలేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను విశాఖలో ఎం.టెక్. చదువుతున్నాను. మెడ పైభాగంలోని ఎముకలను కంప్యూటర్‌లో కట్టడం నా పని. స్కాన్ పటాలను పొరపొరగా పేర్చి, ఎముకల బొమ్మ తయారుచేసి, దాని మీద బరువు పెట్టి, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో చూడాలి. ఇన్నేళ్లుగా బరువు మోస్తున్న మెడ నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? అత్తని అడిగాను. "నా మెడతో నీకు పెద్ద సదువొస్తాదంటే తీసుకుపోరా గుంటడా" అని సుమ్మాదేవి స్టేషన్‌లో రైలెక్కి వచ్చేసింది. నా డిగ్రీ ఆమె మెడ మీదే నిలబడింది.

బొమ్మ తయారయ్యాక చూపించాను. పుర్రె కింద మొదటి ఎముక ఉంగరంలా గుండ్రంగా ఉంటుంది. రెండో ఎముక నుంచి మేకులాంటి ముక్క లేచి ఆ ఉంగరంలో దూరుతుంది. మనం తల తిప్పినప్పుడు ఉంగరం ఆ మేకు చుట్టూ తిరుగుతుంది. "ఓలమ్మా! ఇది సుట్టకుదురే కదరా! దేవుడు కూడా నెత్తి కింద సుట్టకుదురెట్టినాడు!" అని పకపకా నవ్వింది. తట్ట కుదురుగా నిలవడానికి నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట అది. ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో అందరూ ఆ ఎముకను చుట్టకుదురనే పిలిచారు.

అత్తకు నేను చెప్పనిది ఒకటుంది. అసలు పటాల్లో ఆ మేకు కింది ఎముకతో కలిసి లేదు. మధ్యలో సన్నటి సందు ఉంది. పుస్తకంలో అలా లేదు కాబట్టి, స్కాన్ తీసేటప్పుడు అత్త దగ్గో కదిలో ఉంటుందనుకున్నాను. మౌస్‌తో ఆ సందు పూడ్చేశాను. నిమిషం పని. మాకు సలహాలిచ్చే డాక్టరుగారికి చూపవలసింది అసలు పటాలు. నేను చూపించింది పూడ్చిన బొమ్మ. ఆయన బాగుందన్నారు. ఎంత బరువు పెట్టినా ప్రమాదం అని చెప్పే ఎర్రరంగు ఎక్కడా రాలేదు.

"సేతులు తిమ్మిర్లెక్కుతన్నాయిరా, ఈ మెడ వల్లేనేటి?" అని అత్త బొమ్మ చూసిన రోజే అడిగింది. "నీ మెడ బంగారం అత్తా, కంప్యూటర్ చెప్పింది" అన్నాను. ఇక చూడండి, పలాస అంతా చాటింది. మోసింది చాల్లే అని ఎవరైనా అంటే, "మా గుంటడి కంప్యూటరు సెప్పినాది, నా మెడ బంగారమంట" అనేది.

రెండేళ్ల తర్వాత, అదే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తుండగా, ఇంకెవరిదో స్కాన్‌లో అలాంటి సందే కనిపించింది. డాక్టరుగారు చూసి, కొందరికి ఈ ముక్క అసలు అతుక్కోదనీ, వాళ్లు నెత్తిన బరువు మోస్తే నరాలు నలిగి చేతులు పట్టు తప్పవచ్చనీ చెప్పారు. "అందరి మెడలూ ఒకే అచ్చులో పోసినవి కావు బాబూ" అన్నారు. పరుగున వచ్చి అత్త పాత పటాలు తీశాను. సందు అంచులు నున్నగా ఉన్నాయి. దగ్గితే అలా రావు.

మర్నాడే ఊరెళ్లాను. నిజం చెప్పడానికే వెళ్లాను. తీరా ఎదురుగా నిలబడి, "వయసైపోయిందత్తా, ఇక మొయ్యకు. పెద్ద డాక్టరుకి చూపిద్దాం రా" అన్నాను. "నువ్వొట్టి పిరికోడివిరా. నీకన్నా నీ కంప్యూటరే నయం" అని తట్ట ఎత్తించుకుని వెళ్లిపోయింది. ఆ బొమ్మ తప్పు అని ఒక్క ముక్క అని ఉంటే దింపేదేమో. నా పరువు పోతుందని నోరు మూసుకున్నాను. క్రమంగా ఆమె వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. జుట్టు ముడి కోడలు వేసేది, అన్నం కోడలు కలిపేది. ఎవరో ఒకరు తట్ట నెత్తిన పెడితే మాత్రం, మంచాన పడేదాకా మోస్తూనే ఉంది.

మూడో రోజు కార్యం అయ్యాక ఆ కోడలు నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఏడాదై అత్త తట్ట నానే మోత్తన్నాను. మెడ లాగేత్తంది. నాది కూడా బంగారమో కాదో నీ కంప్యూటర్లో ఎట్టి సూడవా?"

నా సమాధానం కోసం ఆగకుండా అరుగు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. జుట్టు పైకెత్తి పట్టుకుని, తల వంచి మెడ చూపించింది.

అప్పుడు చెప్పాను. సందు గురించి, పూడ్చడం గురించి, అంతా. బొమ్మలు తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళదాం అమ్మా అన్నాను.

"ఈ మాట ఆయమ్మతో సెప్పినావా అన్నా?" అంది.

జుట్టు పట్టుకున్న చెయ్యి దించలేదు. నా జవాబు కోసం మెడ వంచుకుని అలాగే కూర్చుంది.